నాచు మాత్ర రాసిన చార్టు

రిటైరైనవాళ్ళు కుదురుగా కూర్చుంటారని ఎవరు చెప్పారో గానీ, నా విషయంలో అది శుద్ధ అబద్ధం. ఎర్రమంజిల్‌లో మా ఫ్లాటు రెండు గదులది. ఆ రెండు గదుల మధ్య నేను తిరిగే తిరుగుడు చూసి మావారు, "యూసుఫ్‌గూడ దాకా వెళ్ళొచ్చేంత నడక ఇంట్లోనే నడిచేస్తున్నావు, చెప్పులేసుకుని బయటికైనా వెళ్ళు" అంటారు. బయటికి వెళ్ళినా అంతే. కాళ్ళు పంజాగుట్ట వైపే లాగుతాయి. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా డైటీషియన్‌గా పనిచేశాను.

మొన్న ఒక కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. చదువు ముగించి ఈ పనిలోకి రాబోయే పిల్లలు. "ఫీల్డు ఎలా ఉంటుంది మేడం?" అని అడిగారు. "బాగుంటుంది, ఓపిక ఉండాలి" అని రెండు ముక్కలు చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఒకచోట నిలవలేదు. చెప్పాల్సింది చెప్పకుండా వచ్చానని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఎప్పుడు సీనియర్‌నయ్యాను, ఎన్ని ఫారాలు నింపాను అన్నవి ఇందులో ఉండవు. అవి మీకూ ఎలాగూ తప్పవు.

అడగడమే అసలు పని

కేలరీలు లెక్కగట్టడం మన పని అనుకుని వస్తారు. అది ఇప్పుడు ఫోను కూడా చేస్తుంది. మన పని అడగడం. ఎదుటి మనిషి చెప్పకుండా వదిలేసింది ఏమిటో పట్టుకోవడం.

నేను చేరిన కొత్తలో బోరబండ నుంచి ఒక షుగరు పేషెంటు వచ్చేవాడు. "ఏం తింట మేడం, పొద్దుగాల రెండు పుల్కలు, రాత్రి రెండు పుల్కలు, గంతే" అనేవాడు. వెనక నిలబడ్డ ఆయన భార్య రెండు చేతులతో పెద్ద గిన్నె ఆకారం చూపించేది. నాకు నవ్వాగేది కాదు. నేను నవ్వితే ఆయన వెనక్కి తిరిగేవాడు, ఆవిడ వెంటనే చేతులు దించేసి కొంగు సర్దుకునేది. మూడు నెలలు అలా గడిచాయి, షుగరు మాత్రం తగ్గలేదు. ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలన్న ఇంగితం నాకు అప్పటికి లేదు.

ఆ ఇంగితం నేర్పింది మా డాక్టర్ ప్రసాదరావు గారు. జనరల్ మెడిసిన్‌లో పెద్ద డాక్టరు, గుంటూరు మనిషి, కోపమొస్తే గొంతు తగ్గించి మాట్లాడేవారు. "ఏం తిన్నావని అడక్కమ్మా. నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం చేశావో చెప్పమను. తిండి దానంతటదే బయటికొస్తుంది" అనేవారు. నిజంగా అలాగే వచ్చేది. నిలబడి తిన్నది మనవాళ్ళకు తిండి కాదు. గుళ్ళో పెట్టింది తిండి కాదు. అలాగే ఆకు, పొడి, వేరు, కషాయం ఏవీ మందులు కావు. ఏం మందులు వాడుతున్నావంటే "ఏం లేదు మేడం" అంటారు. వాళ్ళ లెక్కలో అది అబద్ధం కాదు.

ఇంత తెలిసిన నేనే తప్పు చేశాను. ఆ తప్పు చెప్పడానికే ఇదంతా.

సీసా వచ్చింది

మాది బందరు పక్క ఊరు. చిన్నప్పుడు సముద్రానికి వెళితే కాళ్ళకు నాచు చుట్టుకునేది. మా అమ్మ గుమ్మం బయటే నిలబెట్టి చెంబుడు నీళ్ళు పోసి కడిగితే గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఆ నాచునే ఎండబెట్టి, మాత్రలు చేసి, ఆకుపచ్చ సీసాలో పోసి ఒక మెడికల్ రెప్ నా బల్ల మీద పెట్టినప్పుడు నవ్వొచ్చింది.

"ప్యూర్ వెజ్ మేడం. థైరాయిడ్‌కి, జుట్టుకి, బరువుకి, నీరసానికి, అన్నిటికీ ఒకటే" అన్నాడతను.

"పెళ్ళి సంబంధాలు కూడా కుదురుస్తుందా?" అన్నాను. అతనూ నవ్వాడు. సీసా మాత్రం నేను వెనక్కి ఇవ్వలేదు.

నాచు మీద నాకు పగ లేదు. దాన్ని కూరలా వండుకు తినే దేశాలున్నాయి. అందులో అయోడిన్ దండిగా ఉంటుంది. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. తక్కువైతే దెబ్బ, ఎక్కువైనా దెబ్బే. మనం వాడే ప్యాకెట్ ఉప్పులో దాన్ని కొలిచి కలుపుతారు కాబట్టి చాలామందికి వేరే అవసరమే ఉండదు. నాచులో ఆ కొలత లేదు. ఒక సీసాలో తక్కువ ఉండొచ్చు, ఇంకో సీసాలో చాలా ఎక్కువ ఉండొచ్చు. ఇదంతా నాకు ఆ రోజూ తెలుసు.

పేరు లేని చార్టు

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు వసుంధర అనే ఆవిడ వచ్చింది. అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది, అక్కడే సందులో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటుంది. శాకాహారి. పాలు, పెరుగు మానేసింది. ప్యాకెట్ ఉప్పు విషమని ఫోన్లో ఎవరో చెబితే నమ్మి, ఏళ్ళ తరబడి అయోడిన్ కలపని సైంధవ లవణమే వాడుతోంది. ఒకటే నీరసం. ప్రసాదరావు గారు పరీక్షలు చేయించి, అయోడిన్ తక్కువైందని తేల్చి, "మామూలు ఉప్పు మొదలుపెట్టమని నచ్చజెప్పమ్మా" అని నా దగ్గరికి పంపారు.

నచ్చజెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మనిషిని బట్టి అరగంట పట్టొచ్చు, మూడుసార్లు రప్పించాల్సి రావచ్చు. "ఉప్పు మాట ఎత్తకండి మేడం, నేను ముట్టను గాక ముట్టను" అందావిడ. బయట బెంచీల మీద జనం నిండిపోయి ఉన్నారు. అటెండరు రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్ళాడు. నాకు కాలు నిలవడం లేదు. సొరుగులో సీసా గుర్తొచ్చింది. ఆవిడకు నాచు అభ్యంతరం లేదు, సహజమైనది కదా! రాగి జావ, పెసరట్టు, ఆకుకూర, గుప్పెడు పల్లీలు అని రాసి, కింద "నాచు మాత్ర, రోజుకు ఒకటి" అని రాశాను.

ఆరు వారాలే అని నోటితో చెప్పాను. కాగితం మీద రాయలేదు. ఆవిడ కోసమే అనీ రాయలేదు. పైన పేరు రాసే గీత ఖాళీగా వదిలేశాను. డాక్టరు గారికి చెప్పలేదు. ఆవిడ సంతోషంగా వెళ్ళింది, నేను ఇంకా సంతోషంగా తర్వాతి మనిషిని పిలిచాను.

అమీర్‌పేట సంగతి తెలిసినవాళ్ళకు తర్వాతేం జరిగిందో చెప్పక్కర్లేదు. అక్కడ ఏ కాగితమూ ఒకరిది కాదు. ఒకరు రాసుకున్న నోట్సు సాయంత్రానికి సందులోని జిరాక్సు షాపులన్నిటిలో దొరుకుతుంది. వసుంధర రెండు నెలల్లో తేరుకుంది. తక్కువైన అయోడిన్ అందింది, పొద్దున్నే కడుపుకింత తినడమూ మొదలుపెట్టిందిగా మరి. హాస్టల్ పిల్లలు మాత్రం ఇదంతా అందరికీ పనికొచ్చే మాత్రల మహిమ అనుకున్నారు. చార్టు అడిగి తీసుకుని, జిరాక్సు తీయించుకున్నారు. ఆ షాపాయన చూసి బాగుందనుకుని, తాను అమ్మే జావా నోట్సు, ఇంటర్వ్యూ ప్రశ్నల కట్టలో దాన్నీ ఒక పేజీగా కలిపేశాడు.

ఇదంతా నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందంటే...

శ్రావణి

ఒక శుక్రవారం ప్రసాదరావు గారు ఒక అమ్మాయిని నా గదికి పంపారు. శ్రావణి, ఇరవై మూడేళ్ళు, సిద్దిపేట దగ్గర ఊరు. కోర్సు పూర్తిచేసి, ఆరు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని, ఏడోదాంట్లో ఉద్యోగం తెచ్చుకుంది. ఇంట్లో మొదటి ఉద్యోగం ఆ పిల్లదే. సోమవారం కంపెనీవాళ్ళ మెడికల్ టెస్టు. ఈలోగా గుండె దడ, చేతులు వణుకు, నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్లు ఆకాశంలో ఉన్నాయి. మందులు ఏమైనా వాడుతున్నావా అని డాక్టరు గారు అడిగితే లేదంది. ఆయన కాగితం మీద తన అంచనా రాశారు: గ్రంథి తనంతట తానే ఎక్కువ పనిచేస్తోంది, గ్రంథిని అణిచే మందులు మొదలుపెట్టాలి, ఏడాదో రెండేళ్ళో వాడాలి. బరువు పెరిగే ఆహారం రాసిమ్మని నాకు పంపారు.

"నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం చేశావో చెప్పమ్మా" అన్నాను అలవాటుగా.

"లేవంగనే నీళ్ళు తాగిన. స్నానం చేసిన. రాగి జావ తాగిన, నాచు గోలీలు ఏస్కున్న..."

"ఏం గోలీలు?"

"మందు గాదు మేడం, నాచే. సముద్రంల దొరుకుతది. మా హాస్టల్ల అందరం ఏస్కుంటం. చార్టుల రోజుకొకటి అని ఉంటది, నేను రెండేస్కుంట. మంచిగ పనిచేస్తున్నదని."

బ్యాగులోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది. జిరాక్సుకు జిరాక్సు, అంచులు నల్లబడిపోయి ఉంది. అక్షరాలు నావి. కింద మా ఆసుపత్రి పేరు సగం కనబడుతోంది. పైన పేరు గీత ఖాళీ.

"ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?" అని అడిగాను.

"మా అమ్మకు మెడ కాడ గడ్డ ఉండె మేడం. ఆపరేషన్ చేసిండ్రు."

అలాంటి ఇంటి పిల్లకు గ్రంథిలో ముందే తేడా ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ నాచు పడితే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే.

ఇరవై అడుగులు

నా గది నుంచి డాక్టరు గారి గదికి ఇరవై అడుగులుంటాయి. ఆ రోజు వాటిని దాటడానికి నాకు పావుగంట పట్టింది. ముందు నీళ్ళు తాగాను. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. కారిడార్లో అటూ ఇటూ తిరిగాను.

ఏమనుకున్నానో దాచను. ఆ కాగితం నా దగ్గరే ఉంచేసుకుందాం, మాత్రలు మానెయ్యమని పిల్లకు చెప్పేద్దాం, మానేస్తే తగ్గిపోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఇన్నేళ్ళ మంచిపేరు, ఇంకో రెండేళ్ళు మిగిలిన ఉద్యోగం. కానీ అసలు కారణం తెలియక డాక్టరు గారు మందులు మొదలుపెడతారు. లేని జబ్బుకు ఏళ్ళ తరబడి మందులు మింగుతూ, ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా జబ్బు మనిషిగానే నిలబడుతుంది. నాకు నా మీదే అసహ్యం వేసింది. వెళ్ళాను.

కాగితం చూసి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. గొంతు తగ్గించారు.

"ఏంటమ్మా ఇది? నేను ఉప్పు మార్చమన్నాను కదా."

"అవును సార్. ఆవిడ వినలేదు. నాకు ఓపిక లేకపోయింది. నాచు రాశాను."

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "ఈ పిల్లకు ఆ మందులు మొదలుపెట్టొద్దు. దడకు మాత్రం చిన్న మాత్ర ఇద్దాం. నాచు మానేశాక ఎలా ఉంటుందో ప్రతి రెండు వారాలకూ చూద్దాం. అది సరే, ఈ కాగితం ఇంకా ఎంతమంది దగ్గరుంది?" అన్నారు.

అది నాకు తోచనే లేదు. ఆ పావుగంటా నేను నా గురించే ఆలోచించాను.

శ్రావణికి నేనే చెప్పాను. ఈ చార్టు వేరే ఆవిడ కోసం రాసింది, పేరు రాయకపోవడం నా తప్పు, నీకు వచ్చిన ఈ ఆపద నా చేతి మీదుగా వచ్చిందే అన్నాను. ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. వణికే చేతులు ఒళ్ళో దాచుకుని, "సోమవారం టెస్టు మేడం. ఉద్యోగం వోతదా?" అని మాత్రం అడిగింది.

పోకుండా చూస్తానని చెప్పే ధైర్యం నాకు లేదు. డాక్టరు గారు కంపెనీకి ఉత్తరం రాశారు. ఇది తాత్కాలికం, కారణం తెలిసింది, కొన్ని వారాలు గడువివ్వండి అని. ఉత్తరంలో నా తప్పు కూడా రాయమన్నాను. రాశారు.

అమీర్‌పేటలో ఒక సాయంత్రం

ఆ రోజు నాలుగింటికే ఆసుపత్రి నుంచి బయటపడ్డాను. మెట్రోలో ఒక్క స్టేషనే, కానీ ప్లాట్‌ఫారమ్ మీద నిలబడే ఓపిక లేక నడిచాను. కోచింగు బోర్డుల కింద కరపత్రాలు పంచేవాళ్ళు నా చేతిలోనూ రెండు పెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా ఆగలేను.

శ్రావణి చెప్పిన షాపు దొరికింది. యజమాని యాదగిరి, యాభై ఏళ్ళ మనిషి, యంత్రం మూత ఎత్తుతూ దించుతూనే మాట్లాడాడు.

"గీ చార్టా? మస్తు పోతది మేడం. నోట్సుతోని ఫ్రీగ ఇస్తున్న. పిల్లలు తిండి సక్కగ తింటలేరు, పుణ్యముంటదని పెట్టిన."

"ఎంతమందికి ఇచ్చారండీ?"

"లెక్కెవలు చూసిండ్రు? ఏడాది సంది ఇస్తున్న."

అది రాసింది నేనేననీ, ఒక పిల్లకు ఏమైందనీ చెప్పాను. యంత్రం ఆపేశాడు. "మా బిడ్డ సుత తాగుతున్నది కదమ్మా ఆ జావ" అన్నాడు. జావ పరవాలేదు, మాత్రలు వద్దు అన్నాను. వెంటనే ఫోన్ చేసి బిడ్డను అడిగాడు. మాత్రలు వేసుకోవడం లేదని తెలిశాక కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత తనే ఒక తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "రాయుండ్రి మేడం. గిది సుత అందరికి పోతది. పెద్దక్షరాలల్ల రాయుండ్రి."

నాచు మాత్రలు వేసుకునేవాళ్ళు ఆపండి, మెడలో వాపు గానీ గుండెదడ గానీ ఉంటే డాక్టరును కలవండి అని రాసి, కింద నా పేరు, ఆసుపత్రి పేరు రాశాను. ఈసారి ఏ గీతా ఖాళీగా వదల్లేదు. పక్క షాపులకు ఆయనే తీసుకెళ్ళి ఇచ్చాడు.

హాస్టల్లో పిల్లలు టీ తాగే వేళకు వెళ్ళాను. వసుంధర నన్ను చూసి బిత్తరపోయింది, విషయం విని ఏడ్చింది. ఆవిడ ఆ మాత్రలు ఎప్పుడో మానేసిందట, ఆరు వారాలకే, నేను చెప్పినట్టే. మిగతావాళ్ళను వరండాలో కూర్చోబెట్టి ఎవరెవరు వేసుకుంటున్నారని అడిగితే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత గదుల్లోంచి సీసాలు ఒక్కొక్కటే వచ్చాయి. మొత్తం ఏడు.

ఒక అమ్మాయి మాత్రం సీసా ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది. "శ్రావణక్క ఎంత బక్కగైంది మేడం! అందరు ఎంత మంచిగున్నవ్ అంటున్నరు. పనిచేస్తున్నట్టే గద?"

అప్పుడు అర్థమైంది నాకు. జబ్బును అందమనుకుని, దాన్ని చూసి మరో ఏడుగురు మొదలుపెట్టారు. శ్రావణి రెండు వేసుకోవడానికి కారణం కూడా అదే. ఏడుగురికీ మా ఆసుపత్రిలోనే పరీక్షలు చేయించాం. ఇద్దరికి కొద్దిగా తేడా కనబడింది, మానేశాక సర్దుకుంది. ఆ సందు దాటిన కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. అది తలుచుకున్నప్పుడే ఈ రెండు గదులూ నాకు చాలవు.

మీకు నేను చెప్పేది ఇంతే. చార్టు మీద పేరు రాయండి, ఎన్నాళ్ళో రాయండి, ఎవరికి పనికిరాదో రాయండి. మనిషి మొండికేస్తే దొడ్డిదారి వెతక్కండి. సహజం అన్న మాట వినగానే ఇంకో ప్రశ్న అడగండి. తప్పు జరిగితే పావుగంట కూడా ఆగకండి.

మూడో నెల

శ్రావణి మూడో నెలలో నా గదికి వచ్చింది. హార్మోన్లు దారిలో పడ్డాయి. నాడి చూశాను, నిదానంగా ఉంది. దడ మాత్ర కూడా ఆపేశారు. కంపెనీవాళ్ళు గడువిచ్చారు, ఉద్యోగంలో చేరింది, మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది. బరువు చూసే మిషన్ ఎక్కమన్నాను. పోయిన తొమ్మిది కిలోల్లో ఏడు తిరిగొచ్చాయి. అన్ని నెలల్లో మొదటిసారి నాకు గుండెల నిండా ఊపిరి ఆడింది. "బంగారుకొండ! గండం గడిచింది" అన్నాను.

ఆ పిల్ల మిషన్ దిగలేదు. అంకె చూస్తూ నిలబడింది. తర్వాత వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మేడం, ఒక మాటడుగుత, తిట్టొద్దు. ఒక్క నెల. జర మళ్ళ రాయుండ్రి ఆ గోలీలు. ఒక్కటే ఏస్కుంట, రెండొద్దు."

"ఎందుకమ్మా?" అన్నాను.

"గప్పుడు అందరు నన్నే చూస్తుండిరి మేడం. గిప్పుడు ఎవ్వలు చూస్తలేరు."

"చచ్చిపోయేదానివే పిల్లా" అన్నాను. కోపం కాదు, భయం.

"తెల్సు మేడం" అంది నెమ్మదిగా. "మీరు రాయకుంటే ఇంకెవలో రాస్తరు. మీరైతే చూసుకుంట రాస్తరని అడుగుతున్న."

బయట బెంచీలు నిండే ఉన్నాయి. అటెండరు తలుపు తీశాడు. అందర్నీ కాసేపు కూర్చోమని చెప్పి, బల్ల ఇవతలికి వచ్చి, ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరు చూసేవాళ్ళు, ఏమనేవాళ్ళు, మొదటినుంచీ చెప్పమన్నాను. చాలాసేపు చెప్పింది. ఆ రోజు ఆమెకు చార్టు రాయలేదు.